అన్నీ పచ్చగానే

“విజేందర్, రండి.”

అతను లేచాడు. చెమట పట్టిన చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. నల్లగొండలోని ఆ సాఫ్ట్‌వేర్ శిక్షణ కేంద్రంలో ఇవాళ ఆఖరి పరీక్ష. పాసైనవాళ్ల పేర్లు ఇవాళే ఉద్యోగాలిచ్చే కంపెనీకి వెళ్తాయి. ఫ్యాక్టరీలో పని పోయినప్పటి నుంచి విజేందర్ ఈ ఒక్క రోజు కోసమే చదివాడు.

భాగ్యశ్రీ మేడం అతని ల్యాప్‌టాప్ తనవైపు తిప్పుకుంది.

“దేనికి టెస్టులు రాసిండ్రు?”

“అంబులెన్స్‌ను పిలిచే బటన్‌కు... మేడం.” అలా పిలవడం అతనికింకా అలవాటు కాలేదు.

బటన్ సరిగ్గా పనిచేస్తుందో లేదో చూడడానికి అతను రాసిన ఆ టెస్టులను మేడం నడిపింది. తెర మీద వరసగా పచ్చ టిక్కులు పడ్డాయి. ఒక్కటీ తప్పలేదు. విజేందర్ ఊపిరి పీల్చుకున్నాడు.

ఆమె అక్కడితో ఊరుకోలేదు. బటన్ ప్రోగ్రామ్ తెరిచి, అందులో ఫోన్ కలిపే కోడ్ లైను తీసేసింది. టెస్టులు మళ్లీ నడిపింది.

మళ్లీ అన్నీ పచ్చగానే వచ్చాయి.

“చూసిండ్రా? ఇప్పుడు ఒత్తితే అంబులెన్స్ రాదు. మీ టెస్టులేమో అంతా మంచిగనే ఉందంటున్నయి.”

విజేందర్ తెర మీదికి వంగాడు. “బటన్ కనపడుతుందా లేదా అన్నదే చూసిన మేడం. ఒత్తినంక ఏమైతదో చూసుడు మర్చిపోయిన.”

“అసలుది గదే కదా.”

వెనక అందరూ చూస్తున్నారు. అతను గొంతు తగ్గించాడు. “జర చూడుండ్రి మేడం. రేపటికల్లా సరిచేస్త. నా పేరు పంపుండ్రి.”

మేడం చేతిలో పెన్ను ఆగింది. అతని ముఖంలోకి చూడలేక కిటికీ వైపు తిరిగింది.

“పాణం మీదికొచ్చినోళ్లు ఒత్తే బటన్ ఇది. వాళ్లను రేపటిదాకా ఆగమంటరా?”

ఫెయిల్ అని రాసేసింది. “వచ్చే నెల మళ్లీ రాయుండ్రి.”

అతను వచ్చి తన కుర్చీలో కూలబడ్డాడు. పక్కనున్న మెర్సీ వంగి, “మీక్కూడా ఫెయిలేనా?” అంది. ఆమెకు నమ్మబుద్ధి కాలేదు.

విజేందర్ ల్యాప్‌టాప్ మళ్లీ తెరిచాడు. క్లాసు ఖాళీ అయ్యేదాకా కూర్చుని ఆ టెస్టు తిరగరాశాడు. లైను తీసేసి నడిపితే ఈసారి టెస్టు తప్పు పట్టుకుని ఎర్రగా వచ్చింది. కానీ పేర్లు అప్పటికే వెళ్లిపోయాయి.

బయటికొచ్చి అతను బండి స్టార్ట్ చేస్తుంటే మేడం వచ్చి వెనక కూర్చుని, భుజం మీద చెయ్యి వేసి మెల్లగా అడిగింది, “అమ్మకు నేనే చెప్త. కోపమొచ్చిందా బాపూ?”