దేవుడి గది రంగు

"అదేంది, ఆ చివర పెట్టింది?" వీరరాఘవమ్మ తక్కెడ వైపు వేలు చూపించింది.

నరసరావుపేట బజారులో ఖలందర్ రంగుల కొట్టు అది. గోడల రంగులు కలిపే ఇస్మాయిల్ ఎప్పుడూ ఒక్కడే వచ్చి సరుకు కొనుక్కుపోతాడు. ఈసారి రంగు వేయించుకునే వీరరాఘవమ్మే బండి కట్టించుకుని వెంట వచ్చింది. ఎవరినీ నమ్మే మనిషి కాదామె. పటిక వాసన చూసింది. పసుపు మట్టిని వేళ్ళ మధ్య నలిపి చూసింది. ఇప్పుడు తక్కెడ పక్కనున్న తేనె రంగు పలక దగ్గర ఆగింది.

"వజ్రం జిగురమ్మా," అన్నాడు ఖలందర్. "ఇది కలపకపోతే రంగు గోడకి పట్టదు. చెయ్యి తగిలితే ఊడొస్తది. యుద్ధం మూలాన మద్రాసు నించి సరుకే రావట్లేదు. ఉన్నది ఇదొక్కటే."

"దేంతో చేస్తారు?"

ఖలందర్ ఇస్మాయిల్ వంక చూశాడు. ఇస్మాయిల్ నేల వంక చూశాడు.

"తోళ్ళు ఉడకబెట్టి," అన్నాడు ఖలందర్ చివరికి.

ఆమె చీర చెంగు దగ్గరికి లాక్కుని రెండడుగులు వెనక్కి వేసింది. "ఏం తోళ్ళో నువ్వు చెప్పొద్దు, నేను వినను. దీన్ని నా దేవుడి గదికి పూద్దామనుకున్నావా?"

"వద్దంటే ఇంకో దారుందమ్మా," అన్నాడు ఇస్మాయిల్. "పాలు విరగ్గొట్టి, ఆ ముద్దని సున్నంలో వేసి నూరితే జిగురవుద్ది. దీనికన్నా గట్టిగా పట్టుద్ది. గదికి మూడు శేర్లు కావాల. చిక్కటి పాలు అయి ఉండాల."

ఇంట్లో రెండు గేదెలున్నాయి కాబట్టి వీరరాఘవమ్మ సరేనంది. కానీ బండి ఇల్లు చేరేలోగా ఆమెకు ఇస్మాయిల్ ఇంట్లో రెండేళ్ళ పిల్ల ఉందన్న సంగతి గుర్తొచ్చింది. ఇంకేముంది, అనుమానం పెనుభూతమైంది. గోడ పేరు చెప్పి పిల్లకు పాలు సంపాదించుకుంటున్నాడని తేల్చేసింది. అందుకని రోజూ పొద్దున్నే అరశేరు పాలు కొలిచి, అరశేరు నీళ్ళు కలిపి, శేరు పాలని చెప్పి పనిమనిషి చెన్నమ్మ చేత ఇస్మాయిల్ ఇంటికి పంపించింది. మూడు రోజులు ముందుగదికి, మూడు రోజులు దేవుడి గదికి. దేవుడి గదికి కలిపేటప్పుడు మాత్రం లెంపలేసుకుంది. ఎటూ దొంగ తాగే పాలే కదా అని సర్దుకుంది.

అయిదో రోజు చెన్నమ్మ ఖాళీ చెంబుతో తిరిగొచ్చి గుమ్మంలో నిలబడింది. "అమ్మా, చెప్పకూడదు గానీ, ఇస్మాయిల్ పెళ్ళాం మన పాలు పిల్లకి తాపతా ఉంది. నా కళ్ళతో చూశా."

వీరరాఘవమ్మకు కోపం వచ్చింది. తాను అనుకున్నదే నిజమైనందుకు కొంచెం సంతోషం కూడా కలిగింది. పని కానీ, అప్పుడు చెప్తానని ఊరుకుంది.

రెండు గదులూ ఆరాక పటాలు లోపల పెట్టబోతూ తడిగుడ్డ తీసుకుని గోడలు తుడిచింది. ముందుగదిలో గుడ్డంతా పసుపు అంటింది. అది ఆమె అనుకున్నదే. దేవుడి గదిలో తుడిచింది. గుడ్డకు ఏమీ అంటలేదు. గట్టిగా రుద్దింది. గోటితో గీకింది. రంగు చెక్కుచెదరలేదు.

పాలు పిల్ల తాగేసింది. మరి ఈ గోడకు రంగును పట్టించిందేమిటి? ఆ తోళ్ళ జిగురే. ఇంకేముంటుంది?

వెంటనే కబురు పెట్టింది. ఇస్మాయిల్ వచ్చి అరుగు కింద నిలబడ్డాడు. తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు. సత్రం గోడల పని గురించి పిలిచిందనుకున్నాడు. సత్రానికి పెత్తనమంతా ఆమెదే. ఆ పని దొరికితే ఏడాది పాటు తిండికి లోటుండదు.

"ఇస్మాయిలూ, పిల్ల గలవాడివి, నిజం చెప్పు. నేను పంపిన పాలు మీ పిల్ల తాగిందా లేదా?"

ఇస్మాయిల్ ముఖం పాలిపోయింది. చెన్నమ్మ వైపు చూశాడు. చెన్నమ్మ తల తిప్పుకుంది.

"తాగిందమ్మా."

"ఒప్పుకున్నావు. అయితే దేవుడి గదికి వజ్రం పూశావన్నమాట."

"లేదమ్మా. అల్లా సాక్షిగా పాల జిగురే."

"పాలు పిల్ల కడుపులోకి పోతే జిగురు యాడ నించి వచ్చింది? నా ఇల్లు మైల చేశావు. సత్రం పని సంగతి మర్చిపో. ఈ పేటలో ఏ గడపలోనూ నువ్వు కుంచె పట్టకుండా నేను చూస్తా."

ఇస్మాయిల్ తువ్వాలు అంచు వేళ్ళకు చుట్టుకుంటూ నిలబడ్డాడు.

"చెప్పకూడదనుకున్నానమ్మా," అన్నాడు మెల్లగా. "ముందుగదికి మీ పాలే విరగ్గొట్టా. మూడు శేర్లకి గుప్పెడు ముద్ద కూడా కాలేదు. అదే పూశా, పట్టలేదు."

వీరరాఘవమ్మ చేతిలోని తడిగుడ్డను గట్టిగా పట్టుకుంది. "మరి దేవుడి గది?" ఆమె గొంతు అంతగా తగ్గడం చెన్నమ్మ ఎప్పుడూ వినలేదు.

"దేవుడి గది కూడా ఊడొస్తే బాగుండదని, మా పిల్ల తాగే మేకపాలు మీ గోడకి పోసి, మీ పాలు మా పిల్లకి పోశానమ్మా."