టేపు రెండో కొస

వెనక చక్రాలతో నడిచే కారే కావాలట. గేరు చేత్తో మార్చేదే కావాలట. అదీ శని, ఆదివారాల్లో కొండదారుల్లో తిప్పడానికి మాత్రమే! నుకుయి రెండు కార్ల బొమ్మలు నా ముందు పరిచాడు.

"పొడుగుదైతే నాలుగు మీటర్ల ఇరవై, సెన్సే. మా పెరట్లో అద్దెకిచ్చిన గది పడగొడితే ఆ చోట కారు పడుతుందో లేదో కొలిచి చెప్పండి. పడకపోతే పొట్టిదే కొంటాను, ఏం చేస్తాం!"

నిలిపే చోటు చూపించందే మా దేశంలో కారు మన పేర రాయించుకోనివ్వరు. ఆ చోటు కొలిచి, పోలీసులకివ్వాల్సిన పటాలు గీసి బతికేవాణ్ణి నేను; 'సెన్సే', అంటే గురువుగారూ, అని పిలిచేది అందుకే. కారు ఎక్కడ పడుకుంటుందని పోలీసులు అడుగుతారు; మనిషి ఎక్కడ పడుకుంటాడని ఎవడూ అడగడు. నుకుయి పెరటి రేకుల గదిలో అద్దెకుంటున్న సకితాని అనే ముసలాయనకు గది పడగొడతారన్న సంగతే తెలియదు. టేపు పట్టుకెళ్లి ఆ గది తలుపు తట్టాను.

తలుపు తీసిన ముసలాయన నా చేతిలో టేపు చూసి వెలిగిపోయాడు.

"ఇన్నాళ్లకా! కప్పు కారుతోందని మూడేళ్లుగా మొత్తుకుంటున్నాను. మా ఇంటి యజమాని మరీ అంత పిసినారేం కాదన్నమాట. రండి, రండి!"

వద్దంటున్నా పరుపు చుట్టేశాడు. వాననీళ్ల బకెట్టు జరిపాడు. టేపు కొస అందుకుని, మోకాళ్ల మీద కూర్చుని గోడకు నొక్కిపట్టాడు.

"గట్టిగా లాగండి. సరిపోతుందా?"

వీధిలో వేచివున్న నుకుయిని మనసులోనే బండబూతులు తిట్టాను. నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను.

"సరిపోతుందండీ," అన్నాను.

కాగితం మీద 'పొడుగుదే' అని రాసుకుని, ఆయన పోసిచ్చిన టీ తాగి మరీ వచ్చాను.