కుడివైపు సగం

నాగరత్నం గారి కుర్చీలో కూర్చోకుండానే నాగరత్నం గారిలా కనిపించాలి. మోహనకృష్ణ పథకం అంతే.

చూసేది మనిషి కాదు కాబట్టి అదేమంత కష్టం కాదు. పెడన దగ్గర ఆ చిన్న కలంకారీ అద్దకం సంఘం ఆఫీసులో, ఏసీ గదిలో, బీరువా అంత కంప్యూటరొకటి ఉంది. ముప్పై ఏళ్ల నాటిది. సంఘం రంగుల పాళ్లన్నీ దాని కడుపులోనే ఉన్నాయి. దానికి తగిలించిన నల్ల తెరలు ఒక్కొక్కటే కన్నుమూశాక, మామూలు కంప్యూటర్లలోనే ఆ పాత తెరలా నటించే సాఫ్ట్‌వేర్ వేసుకుని అందరూ దాంతో నెట్టుకొస్తున్నారు.

ఆ ముసలి మెషీన్ ఎవరి మొహమూ చూడదు. టెర్మినల్ పేరు అడుగుతుంది, నమ్మేస్తుంది. టీ4 అంటే నాగరత్నం గారు. ఆవిడ మానిటర్ కింద స్టిక్కర్ కూడా ఉంది. సంఘానికి పేరు తెచ్చిన ఎరుపు రంగు పేజీని టీ4కి తప్ప ఇంకెవరికీ తెరవదు. ఎవరు ఎప్పుడు తెరిచారో రాసి కూడా పెట్టుకుంటుంది.

మోహనకృష్ణకి బాగా నచ్చింది ఆ రాసిపెట్టుకునే గుణమే. నాగరత్నం గారు ఇంకో రెండు నెలల్లో రిటైరవుతున్నారు. వెళ్తూ వెళ్తూ ఆవిడే రంగు బయట పెట్టేసిందని అందరూ అనుకుంటారు. తనేమో గుడివాడ బట్టల వ్యాపారి గోవర్ధనరావు గారి కొత్త షెడ్డులో మేనేజర్ కుర్చీలో హాయిగా కూర్చుంటాడు.

“నాగరత్నం గారూ, నాక్కూడా ఆ పాత మెషీన్ కనెక్షన్ పెట్టడం నేర్పరా? మీరు వెళ్లిపోతే మాకెవరండీ దిక్కు?”

“మీది వాట్సాప్‌లో ఆర్డర్లు చూసుకునే పని కదండీ. ఈ ముసలిదానితో మీకేం పని?”

“నేర్చుకుంటే పోయేదేముందండీ.”

ఆవిడ కళ్లజోడు పైనుంచి ఓసారి చూసి, కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నారు. మెషీన్ అడ్రస్, పోర్టు నంబరు చెప్పారు. మోహనకృష్ణ టేబుల్‌కి టీ7 అని పేరు పెట్టారు. కనెక్ట్ నొక్కగానే తెర నిండా ప్రశ్నార్థకాలు, పిచ్చి గీతలు.

“టెర్మినల్ టైపు తప్పండీ. వీటీ220 పెట్టండి,” అన్నారు నవ్వుతూ.

అక్షరాలు బుద్ధిగా కూర్చున్నాయి.

“వరసకి ఎన్ని అక్షరాలని అడుగుతోందండీ. ఎనభయ్యా, నూట ముప్పై రెండా?”

నాగరత్నం గారు కళ్లజోడు తీసి పమిటతో తుడుచుకున్నారు. కాస్త ఎక్కువసేపే తుడుచుకున్నారు.

“ఎనభై చాలండీ. అక్షరాలు పెద్దగా కనిపిస్తాయి. కళ్లకి సుఖం.”

తన మీదకే వచ్చే దొంగకి దగ్గరుండి తాళం తీయడం నేర్పుతున్న ఆ అమాయకురాలిని చూస్తే మోహనకృష్ణకి జాలేసింది. ఒక్క క్షణమే.

మర్నాడు మధ్యాహ్నం ఆవిడ కంప్యూటర్ ఆపేసి, క్యారియర్ పట్టుకుని వెనక వరండాలోకి వెళ్లారు. మోహనకృష్ణ సెట్టింగ్స్ తెరిచి ఏడు తీసి నాలుగు పెట్టాడు. ముసలి మెషీన్ కిమ్మనకుండా ఎరుపు పేజీ తెరిచింది. కరక్కాయ ఇంత, పటిక ఇంత, చిరివేరు ఇంత, ఇంతసేపు ఉడకాలి. పన్నెండు వరసలు, ముత్యాల్లా ఉన్నాయి. ఫోన్‌లో ఫోటో తీసుకుని, నాలుగు తీసి మళ్లీ ఏడు పెట్టాడు. మొత్తం నాలుగు నిమిషాల పని. సాయంత్రం బస్సెక్కి గుడివాడ వెళ్లి, ఫోటో గోవర్ధనరావు గారికి అప్పజెప్పి, ఆయన పెట్టించిన పెసరట్టు తిని వచ్చాడు.

నెల తిరిగేసరికి సంఘం ప్రెసిడెంటు నాంచారయ్య గారు స్టాఫ్‌నంతా పిలిచారు. ఆయన నలభై ఏళ్లు రంగు కాగుల దగ్గర నిలబడ్డ మనిషి. టేబుల్ మీద ఒక దుప్పటి, ఒక కాగితం ఉన్నాయి.

“బందరు నుంచి ఒకావిడ తెచ్చిచ్చింది. గుడివాడలో కొందంట, మనదే అనుకుని. ఒక్క ఉతుకుకే ఎరుపు కారిపోయి చిలకలూ లతలూ ఏకమైపోయినయ్యి. బట్ట మనది కాదు. ఎరుపు మాత్రం మనదే. చివరికంటా రాలేదు, అంతే.” కాగితం ముందుకి తోశారు. “ఈమధ్య ఆ పేజీ తెరిచింది ఒక్కసారే, టీ4. నెల కిందట, మధ్యాహ్నం ఒంటిగంటా పది.”

అందరి తలలూ నాగరత్నం గారి వైపు తిరిగాయి. ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసులో ఆవిడ మీద ఒక్క మాట పడలేదు.

“రత్నమ్మా, నువ్వేనా?” అని అడిగారు నాంచారయ్య గారు.

“పెద్దావిడ, వదిలేద్దామండీ. ఏదో పొరపాటు పడుంటారు,” అన్నాడు మోహనకృష్ణ, ఎంతో బాధగా.

నాగరత్నం గారు దుప్పటి దగ్గరకి లాక్కుని, కారిన ఎరుపుని వేలితో తడిమారు.

“ఆ పేజీ నూట ముప్పై రెండు అక్షరాల వెడల్పండీ. ఎడమవైపు దినుసులు, కుడివైపు జాజి ఆకుతో రెండో ఉడుకు. రంగుని పట్టి ఉంచేది ఆ ఉడుకే. ఎనభై పెట్టుకుంటే కుడివైపు సగం కనపడదు, ఉందని కూడా తెలీదు. ఈ దుప్పటికి రెండో ఉడుకు పడలేదు.”

“అయితే?” అన్నారు నాంచారయ్య గారు.

“ఆఫీసులో సిస్టమ్‌లన్నిటికీ నేనే నూట ముప్పై రెండు పెట్టానండీ. నాదీ అంతే. కావాలంటే ఇప్పుడే చూసుకోండి.”

మోహనకృష్ణ చూపు తన టేబుల్ మీదకి పోయింది. తెర మీద అక్షరాలు పెద్దపెద్దగా, కళ్లకి సుఖంగా మెరుస్తున్నాయి.

నాగరత్నం గారు కళ్లజోడు సర్దుకుని అతని వైపు తిరిగారు.

“అవసరం లేని మెషీన్ మీద అంత ప్రేమ పుట్టిందేమిటా అనుకుని, ఎనభై చాలని మీ ఒక్కరికే చెప్పానండీ.”