శనివారం రెండు వేలు

ప్లాటు అమ్మేస్తున్నానని అన్నం తింటూ చెప్పాడు అబ్రహాం.

జెస్సీ చేతిలో గరిటె ఆగిపోయింది. ఊరి శివారు మందిర్ హసౌద్‌లో వాళ్లకున్నది ఆ ఒక్క ప్లాటే. అది ఆమె పేరు మీద ఉంది.

"ఎందుకండీ ఇప్పుడు?"

"ఇంకో నాలుగు మెషిన్లు కొందాం. ప్లాటు కొనేవాళ్లతో మాటలైపోయాయి. నువ్వొచ్చి సంతకం పెడితే, అంతే."

ముందు గదిలో మెషిన్ హోరుమంటోంది. ఇరవై నాలుగు గంటలూ తిరుగుతూ బిట్‌కాయిన్ తవ్వే పాత మెషిన్ అది. ఎనిమిది నెలల క్రితం జెస్సీ తమ్ముడు జాషువా ఎవరి దగ్గరో తక్కువకు కొని తెచ్చి బిగించాడు. వచ్చినదాన్ని తన ఫోన్లోనే రూపాయల్లోకి మార్చి, శనివారం శనివారం బావ ఖాతాలో వేస్తాడు. వారానికి రెండు వేలు.

అంతకుముందు అబ్రహాం ఉక్కు ఫ్యాక్టరీలో క్రేన్ నడిపేవాడు. దాని మీంచి పడి నడుం దెబ్బతింది. ఉద్యోగం పోయింది. ఏడాది పాటు గోడవైపు తిరిగి పడుకున్నాడు. జెస్సీ దేవేంద్ర నగర్‌లో ఒక ఆసుపత్రిలో నర్సు. ఆమె జీతంతోనే ఇల్లు గడిచింది. ఒకరోజు దుప్పటి మారుస్తుంటే అతని దిండు గలేబులో దాచిన నిద్రమాత్రలు కనిపించాయి. ఆ నెలలోనే మెషిన్ వచ్చింది.

మెషిన్ వచ్చాక మనిషి లేచి కూర్చున్నాడు. గడ్డం గీసుకున్నాడు. రోజూ కుంచెతో దాని దుమ్ము దులిపేవాడు. చర్చిలో నలుగురికీ దాని సంగతి చెప్పేవాడు. వేసవిలో గది పొయ్యిలా కాగుతున్నా కూలర్ దానివైపే తిప్పేవాడు.

"కరెంటు బిల్లు చూశారా? ఆరు వేలు" అంది జెస్సీ.

"చూశా. నెలకు వచ్చేది ఎనిమిది. బిల్లు పోను రెండు మిగులుతోంది. ఐదు మెషిన్లయితే పది మిగులుతుంది."

బిట్‌కాయిన్ రేటు పడిపోవచ్చంది. పాత మెషిన్లు ఎప్పుడైనా ఆగిపోవచ్చంది. ప్లాటు పోతే ఈ జన్మలో మళ్లీ కొనలేమంది. అతను బ్యాంకు పుస్తకం తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"ఎనిమిది నెలల్లో ఒక్క శనివారం తప్పిందా, చూపించు. ఈ ఇంట్లోకి నా వల్ల వచ్చే పైసా ఇదొక్కటే జెస్సీ. దాన్నీ వద్దంటావా?"



మర్నాడు జాషువాకు ఫోన్ చేసి, నువ్వైనా బావను ఆపమంది.

"నేనేమని ఆపను అక్కా?" అన్నాడతను.

సోమవారం రిజిస్ట్రీ ఆఫీసులో జెస్సీ సంతకాలు పెట్టింది. ఒకచోట పేరు వంకరపోయింది. గుమస్తా మళ్లీ పెట్టించాడు.

బయటికొచ్చాక అబ్రహాం ఊతకర్ర నేలకు ఆనించకుండా చంకన ఇరికించుకుని, ఆమె చేయి పట్టుకుని నాలుగడుగులు నడిచాడు. దెబ్బ తగిలాక అలా నడవడం అదే మొదటిసారి.

"ఇంక నువ్వు ఉద్యోగం మానేయొచ్చు" అన్నాడు.

ఒక్క మెషిన్ సంపాదన పేరుతో ఎనిమిది నెలలుగా ప్రతి శనివారం తన జీతంలోంచే రెండు వేలు తీసి, తమ్ముడి చేత భర్త ఖాతాలో వేయిస్తున్న జెస్సీకి, ఐదు మెషిన్ల సంపాదన ఎక్కణ్ణించి తేవాలో తోచలేదు.