గుంజ పాతాల్సిన చోటు

“ఆ గుంజ పీకెయ్!”

వెనకనుంచి వచ్చిన ఆ ఇంగ్లీషు కేకకి షాలేం రాజు చేతిలోని పార జారిపోయింది. తిరిగి చూశాడు. కంచె అవతల ఒక ముసలి తెల్లాయన నిలబడి ఉన్నాడు. భుజాన తుపాకీ.

రాజు, అతని భార్య పర్సిస్ పొద్దున్నే తాముండే ఊరు ఫార్మింగ్టన్ హిల్స్‌లో బయల్దేరి, ఉత్తరాన కొత్తగా కొనుక్కున్న అడవి ముక్కకి వచ్చారు. ఆకులు రాలే ఈ రోజుల్లో మగ జింకలు కొమ్ములు రుద్దుకోవడానికి చెట్లు వెతుక్కుంటాయి. ఖాళీ జాగాలో దేవదారు గుంజ ఒకటి పాతితే దాన్నీ చెట్టే అనుకుని వస్తాయని ఎవరో చెబితే, ఆ పనిలో పడ్డారు.

“ఇది మా ల్యాండే, సార్,” అన్నాడు రాజు.

“తెలుసు. తుపాకీ తెచ్చావా?”

“లేదు. కెమెరా ఒక్కటే. జింకల ఫోటోలు తీద్దామని.”

ముసలాయన ఇద్దర్నీ ఎగాదిగా చూసి, కంచె తలుపు తెరిచాడు. “గుంజ పట్టుకుని ఇటు రండి. పార కూడా.”

“ఏవండీ, వెళ్ళొద్దు,” పర్సిస్ తెలుగులో గొణిగింది. “కంచె దాటితే ఆయన జాగాలోకి దూరినట్టే. కాల్చేసి, దొంగలనుకున్నానంటే అడిగే దిక్కుండదు. పోలీసులకి కాల్ చేయండి.”

“సిగ్నల్ లేదు పర్సీ. కార్ ఎక్కడో ఉంది. పరిగెడితే వెనకనుంచి కాలుస్తాడు. మెల్లిగా నడువు.”

గుంజ పీకి, చెరోవైపు పట్టుకుని నడిచారు. వెనకాలే ఎండుటాకుల మీద ముసలాయన బూట్ల చప్పుడు. పర్సిస్ పెదవులు ప్రార్థన చేస్తూనే ఉన్నాయి. చెట్లు పలచబడ్డాక పాత చెక్క ఇల్లొకటి కనబడింది. చుట్టుపక్కల మరో ఇల్లు లేదు.

“ఆగు. ఇక్కడ తవ్వు.”

రాజు తవ్వాడు. చలికి బిగిసిపోయిన నేల. అయినా చెమటలు కారుతున్నాయి.

“ఇంకా లోతుగా.”

గొయ్యి మోకాలు దాటింది.

“ఇంకా.”

“ఇది గుంజకోసం కాదండీ,” పర్సిస్‌కి ఏడుపు తన్నుకొచ్చింది. ముసలాయన వైపు తిరిగి చేతులు జోడించింది. “ప్లీజ్ సార్, మాకు పిల్లలున్నారు. ఆ ల్యాండ్ వదిలేసి వెళ్ళిపోతాం. ఇంకెప్పుడూ రాం.”

ఆయన భుజంమీంచి తుపాకీ దించాడు. రాజు పార వదిలేసి, భార్యని వెనక్కి లాగి, ఆమెకి అడ్డంగా నిలబడ్డాడు. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

తుపాకీ పేలలేదు. కళ్ళు తెరిచేసరికి అది పక్కనున్న చెట్టుకి ఆనించి ఉంది. ముసలాయన రొప్పుతూ గుంజని తనే గోతిలోకి దించి, అటూ ఇటూ జరిపి నిలబెడుతున్నాడు. జరిపిన ప్రతిసారీ ఇంటివైపు చూస్తున్నాడు. చివరికి ఇంటికేసి చెయ్యెత్తి ఊపి, వీళ్ళవైపు తిరిగాడు. కళ్ళు చెమర్చి ఉన్నాయి.

“నా నడుం తవ్వనివ్వదు,” అన్నాడు. “మంచం పట్టిన మా ఆవిడకి జింకల్ని చూడాలని ఆశ. కిటికీలోంచి తనకి కనబడేది ఈ చోటొక్కటే.”