తగినన్ని చుట్లు

చెరువు మీదికి వంగిన తుమ్మచెట్టు మీద గూళ్లు అల్లడంలో ముసలి గిజిగాణ్ణి మించినవాడు లేడు. చూపు మందగించాక, తన పనితనం తనతోనే పోకూడదని, గూడు కట్టే పద్ధతంతా ఒక తాటాకు మీద ముక్కుతో గీసి పెట్టాడు. తన గొప్పలు చెప్పుకోడానికే సగం ఆకు పట్టింది. తీరా ముడి దగ్గరికొచ్చేసరికి "కొమ్మకు పీచు తగినన్ని చుట్లు చుట్టాలి" అని తేల్చేశాడు.

"తగినన్ని అంటే ఎన్ని?" అని అడిగింది, ఆకు చదివిన కాకి.

"ఆమాత్రం తెలియనివాడు గిజిగాడేనా?" అని కసిరాడు ముసలాడు.

ఆ ఏడే జతకట్టిన కుర్ర గిజిగాడు ఆకు చూసుకుంటూ గూడు అల్లాడు. ఆడపక్షి గుడ్లు పెట్టింది. ఆషాఢం గాలికి ముడి జారి, గూడు గుడ్లతో సహా చెరువులో మునిగిపోయింది.

కుర్రాడు ఆకు తెచ్చి ముసలాడి ముందు పెట్టాడు. "మూడు చుట్లు చుట్టాను తాతా. నాకవి చాలనిపించాయి."

కింద ఆడపక్షి ఇంకా నీళ్ల మీదే తిరుగుతోంది. ముసలాడు ముక్కుతో "తగినన్ని" కొట్టేసి, "ఏడు" అని గీశాడు.

ఆ మాట రాయడానికి రెప్పపాటు కూడా పట్టలేదు.