గడప బయట మాట

“చెప్పులతోపాటు తెలుగు కూడా బయటే విడిచి రావాలి. మరచిపోయారా?”

స్టెల్లా ఆ మాట ఇంగ్లీషులోనే అంది. చిన్నమ్మికి మాట అర్థం కాలేదు గాని, తలుపువైపు చూపిన వేలు అర్థమైంది.

లేచింది. చీర సర్దుకుని బయటికి వెళ్లి మెట్ల మీద కూర్చుంది.

జగదల్‌పూర్‌లో స్టెల్లా నడిపే స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులో ఉన్నది ఆ ఒక్క నియమమే. వచ్చేవాళ్లు హల్బీ, గోండీ, హిందీ, తెలుగు ఇళ్లవాళ్లు. ఒకరి భాషలో చెబితే ఇంకొకరు మూతి ముడుస్తారు. అందుకే గడప దాటితే ఇంగ్లీషే. వేరే మాట దొర్లిందా, ఆ పూట బయటే.

నిజానికి ఆ నియమం కిరండూల్‌లో ఆమెకు చదువు చెప్పిన ఇమ్మానుయేలు మాస్టారిది. భార్యాబిడ్డల్ని శ్రీకాకుళం వైపు సొంతూళ్లో ఉంచి, ఆయనొక్కరే అక్కడ ఉండేవారు. రైల్వే వాళ్ల పిల్లల్ని అలాగే బయట నిలబెట్టి, అలాగే ఇంగ్లీషు నేర్పారు. రిటైరై ఊరెళ్లిపోయారని స్టెల్లా విన్నదే గాని మళ్లీ చూడలేదు. ఆయన్ని తలుచుకోకుండా మాత్రం ఏ పాఠమూ మొదలుపెట్టదు.

పాఠం చెప్పేదీ ఆయన పద్ధతిలోనే. వివరించదు, చేసి చూపిస్తుంది. బల్ల కింద దూరి తాళంచెవి వెతుకుతూ “లుక్ ఫర్” అంటుంది. పక్కనున్న అమ్మాయి నుదురు తడిమి, దుప్పటి కప్పినట్టు చేసి “లుక్ ఆఫ్టర్” అంటుంది. లుక్ అదే. వెనకాల వచ్చే చిన్నమాట పని మొత్తం మార్చేస్తుంది.

అందరూ ఉద్యోగాల కోసం వచ్చిన కుర్రకారు. వాళ్ల మధ్య యాభై దాటిన చిన్నమ్మి. ఎందుకొచ్చావని ఆమెను ఎవరూ అడగలేదు.

ఆమెకు అన్ని మాటలూ అక్కర్లేదు. ‘కాల్ ఆఫ్’, ‘సెట్ అప్’ లాంటివి వస్తే కిటికీలోంచి రోడ్డు చూసేది. లేవమనే ‘గెట్ అప్’, ఒత్తిగిలమనే ‘టర్న్ ఓవర్’, పట్టుకోమనే ‘హోల్డ్ ఆన్’ వస్తే చాలు, లేచి నిలబడేది.

“అది మల్లీ సెప్పమ్మా!”

ఇంకేముంది, బయటికి.

బయటున్నా ఊరుకునేది కాదు. కిటికీ కింద నుంచి గొంతు వినిపిస్తూనే ఉండేది. “టర్న్ ఓవర్... స్లోలీ. టర్న్ ఓవర్... స్లోలీ.”

“ఆంటీ, కలెక్టర్ బన్‌నా హై క్యా?” క్లాసయ్యాక, కలెక్టరవుదామనా అని క్లాసు కుర్రాడు బుధ్రా హిందీలో ఆటపట్టించాడు.

“హా బేటా. గాడీ నువ్వు నడుపుదువు గాని.”

అందరూ నవ్వారు. స్టెల్లాకి ఒళ్లు మండింది. తన క్లాసంటే ఈవిడకి కాలక్షేపంలా ఉంది!

ఒకరోజు వానలో తడుస్తూ వచ్చింది చిన్నమ్మి. చెప్పులు విడిచింది గాని లోపలికి రాలేదు.

“అమ్మా, ఒక్క మాట సెప్పు. ‘నానెక్కడికీ ఎల్లను’ అని ఇంగ్లీసులో ఎలాగంతారు?”

“ఇన్ ఇంగ్లీష్, ప్లీజ్,” అంది స్టెల్లా.

“ఇంగ్లీసొత్తే నిన్నెందుకడుగుతాను తల్లీ? తొరగా ఎల్లాల.”

“ఇన్ ఇంగ్లీష్.”

పిల్లలు కిసుక్కుమన్నారు. చిన్నమ్మి కదల్లేదు. కళ్లు మూసుకుని, ఇన్నాళ్లూ విన్న మాటల్లోంచి ఒక్కొక్కటే ఏరుకుంది.

“ఐ... నో... గో అవే.” ఆగి, నేలవైపు వేలు చూపింది. “సిట్ డౌన్. హియర్. ఐ.”

క్లాసులో నవ్వు ఆగింది.

“ఐ వోంట్ గో అవే,” అని దిద్దింది స్టెల్లా.

చిన్నమ్మి పెదాలు కదుపుతూ ఆ వాక్యాన్ని పదేపదే అనుకుంది. అనుకుంటూనే వానలోకి వెళ్లిపోయింది.

క్లాసయ్యాక మెట్ల మీద ఒక చెప్పుల జత మిగిలింది. తెగిన వారుకి పిన్నీసు పెట్టి ఉంది. వాటిని చూస్తే స్టెల్లాకి మనసు చివుక్కుమంది. అడిగింది ఒక్క వాక్యం. చెప్పేస్తే నోరు అరిగిపోయేదా?

చెప్పులు సంచిలో వేసుకుని, బుధ్రా చెప్పిన గుర్తుల ప్రకారం రైల్వే కాలనీకి వెళ్లింది. క్వార్టర్ తలుపు తీసిన యువకుడు చిన్నమ్మి కొడుకు, పాల్.

“మీ అమ్మగారివి. మరచిపోయి వచ్చేశారు.”

“ఇంగ్లీసు టీచరమ్మ మీరేనా? అమ్మ రోజూ సెప్తాదండి.”

“ఏమని?”

“పాటం బాగా సెప్తారని.” నవ్వాడు. “కాపోతే కోపం ఎక్కువని.”

స్టెల్లా తల దించుకుంది. “ఈ వయసులో ఆవిడకి ఇంగ్లీష్ ఎందుకండీ?”

“నాన్నకి పక్షవాతం వచ్చి మాట పోయిందండి. వైద్యానికని ఊర్నుంచి నా దగ్గరికి తెచ్చుకున్నాను. మెల్లగా మాటొచ్చింది గాని, తెలుగు రాలేదు. ఇంగ్లీసొకటే మిగిలింది. తెలుగులో పలకరిస్తే ఎవరో కొత్తోళ్లనుకొని బెదిరిపోతాడు. అమ్మ కనబడకపోతే వదిలేసి పోయిందని ఏడుపు. ఇవాళా అదే. నేను డ్యూటీకెల్తే ఆయనకి అమ్మే గదండీ దిక్కు. అందుకే, నేనింట్లో ఉన్న పూట ఇంగ్లీసు నేర్చుకుంటానని పట్టుపట్టింది.”

లోపలి నుంచి గొంతు వినిపించింది.

“హోల్డ్ ఆన్. గెట్ అప్. స్లోలీ.”

తడబడుతూ ఒక మగ గొంతు ఏదో అడిగింది.

“ఐ వోంట్ గో అవే,” అంది చిన్నమ్మి. ఒక్క ముక్క తప్పలేదు.

స్టెల్లా గడప దగ్గరే ఆగిపోయింది. చిన్నమ్మి తల తిప్పి చూసింది. ఆమె ముఖంలో కోపం లేదు.

“కమ్ ఇన్,” అంది. “సిట్ డౌన్.”

ఆమె భుజం పట్టుకుని మంచం మీద మెల్లగా లేచి కూర్చుంటున్న ఆయన, తెలుగును చెప్పులతోపాటు గడప బయటే విడిచి రమ్మని స్టెల్లాకి నేర్పిన ఇమ్మానుయేలు మాస్టారు.